సాక్షి పోలిక – సైన్యం తీర్పు: కెన్నెత్ ఆర్నాల్డ్ వాంగ్మూలంపై ఒక పరిశీలన

ఆకాశంలో కనిపించిన వస్తువు కనుమరుగయ్యాక విచారణాధికారికి మిగిలేది దాన్ని చూసిన మనిషి మాట. ఆ మాటను చదివిన తీరుపైనే విచారణ ఫలితం ఆధారపడుతుంది. 1947లో అమెరికా సైన్యం చేపట్టిన కెన్నెత్ ఆర్నాల్డ్ ఉదంతం ఇందుకు తగిన నిదర్శనం.

బోయిసీ నగర వ్యాపారి, ప్రైవేటు పైలట్ అయిన ఆర్నాల్డ్ జూన్ 24న వాషింగ్టన్ రాష్ట్రంలోని రైనియర్ పర్వతం వద్ద, గల్లంతైన ఒక సైనిక రవాణా విమానం కోసం వెతుకుతూ తొమ్మిది మెరిసే వస్తువులను చూశాడు. అవి రైనియర్ నుంచి ఆడమ్స్ పర్వతం దాకా సాగడానికి 1 నిమిషం 42 సెకన్లు పట్టిందని గడియారం చూసి చెప్పాడు. వేగం గంటకు 1200 మైళ్లకు పైమాటేనని అంచనా కట్టాడు. మానవుడు నడిపిన విమానం సమతల గమనంలో ధ్వనివేగాన్ని దాటినట్లు నమోదైనది ఆ ఏడాది అక్టోబరు 14న. సైన్యం ఈ అంచనాను తేలికగా తీసుకోలేకపోయింది.

నీటిమీద విసిరిన సాసరులా అవి ఎగసిపడుతూ సాగాయన్నదే తన భావమని ఆర్నాల్డ్ 1950లో పాత్రికేయుడు ఎడ్వర్డ్ ముర్రోకు వివరించాడు. చెరువులో పెంకు విసిరి కప్పగంతులు వేయించినవారికి ఈ పోలిక సులువుగా బోధపడుతుంది. అలంకారశాస్త్ర పరిభాషలో ఇక్కడి సమానధర్మం గమనం. పత్రికలు ఆ ధర్మాన్ని వదిలి ఉపమానాన్ని మాత్రం నిలుపుకోగా పూర్ణోపమ లుప్తోపమ అయింది. ‘ఫ్లయింగ్ సాసర్’ అన్న పేరులో లోపించిన ధర్మాన్ని పాఠకలోకం ఆకారంతో పూరించుకుంది. తెలుగులో వాడుకకు వచ్చిన ‘ఎగిరే పళ్లెం’ కూడా ఆ గుండ్రదనాన్నే మోసుకొచ్చింది. అయితే దోషమంతా పత్రికలదే అనలేము. ఆర్నాల్డ్ తొలిరోజుల్లోనే ఆకారాన్ని సగానికి కోసిన పళ్లెంతోనూ పోల్చాడు. సైన్యానికి పంపిన బొమ్మలో మాత్రం ముందు గుండ్రంగా, వెనుక మొనదేలిన రూపాన్ని గీశాడు.

జూలైలో అతన్ని కలిసిన సైనిక నిఘా అధికారులు బ్రౌన్, డేవిడ్‌సన్ అతని నడవడిని గమనించి, చెప్పినదాన్ని అతడు నిజంగానే చూశాడని అభిప్రాయపడ్డారు. ఇది ఆప్తవాక్యాన్ని ప్రమాణంగా స్వీకరించడం. తరువాత వైమానికదళ సలహాదారుగా వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జె. అలెన్ హైనెక్ అనుమాన ప్రమాణాన్ని ఆశ్రయించాడు. ఆర్నాల్డ్ చెప్పిన 20, 25 మైళ్ల దూరం నుంచి, అతడు చెప్పినంత చిన్న వస్తువు వివరాలు కంటికి ఆనవు. కనుక అవి దగ్గరలోనే ఉండాలి. దూరం తగ్గితే వేగమూ తగ్గుతుంది. అప్పుడవి మామూలు విమానాలే కావచ్చు. చివరికి దస్త్రంలో నిలిచిన నిర్ణయం ‘ఎండమావి’.

హైనెక్ తర్కం బలమైనదే. ఆ దూరమూ ఆ పరిమాణమూ కలిసి నిలవవు. కానీ ఆ రెండూ ప్రత్యక్షాలు కావు. పరిమాణాన్ని ఆర్నాల్డ్ అదే సమయంలో కనిపించిన ఒక డీసీ-4 విమానంతో పోల్చి ఊహించాడు. అంచనా వీగిపోయినంత మాత్రాన మెరుపులూ, తొమ్మిది అనే సంఖ్యా, గడియారం చూపిన కాలమూ వీగిపోవు. పైగా విమానమన్న వివరణా, ఎండమావి అన్న వివరణా ఒకదాన్నొకటి బలపరచవు. నిజంగా చూశాడన్న అభిప్రాయానికీ, ఈ రెండు వివరణలకూ ప్రధానాధారం ఒకే వాంగ్మూలం. అందులో చూసినదేదో, లెక్కించినదేదో, పోల్చినదేదో విడదీయకపోవడమే ఈ విచారణలోని ప్రధాన లోపం.

ఈ భాషాదోషాన్ని సైన్యమూ కొంత గుర్తించింది. ‘ప్రాజెక్ట్ బ్లూ బుక్’ తొలి అధిపతి ఎడ్వర్డ్ రప్పెల్ట్ సాసరు పేరును పక్కనపెట్టి ‘గుర్తుతెలియని ఎగిరే వస్తువు’ అన్న అర్థమిచ్చే పదాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 1969లో ఆ ప్రాజెక్ట్ ముగిసేనాటికి నమోదైన 12,618 ఉదంతాల్లో 701 గుర్తించబడనివిగానే మిగిలాయి. కొత్త పదం ఉపమను తొలగించింది గాని, సాక్షి వాక్యాన్ని చదివే పద్ధతిని నేర్పలేదు. తన అంచనా తప్పినందుకు మనిషి కళ్లనే అనుమానించడం న్యాయం కాదు. అతని నిజాయితీని నమ్మినందుకు అతని లెక్కను ఒప్పుకోవలసిన పనీ లేదు.