ముందు ప్రాణం, తర్వాతే జబ్బు పేరు

మస్కట్‌లోని రూవి చుట్టూ ఉన్న రాతి కొండలు పగలు పీల్చుకున్న వేడిని వేసవి రాత్రంతా వదులుతూనే ఉంటాయి. ఇక్కడ వర్క్‌షాపుల్లో, దుకాణాల్లో, కట్టడాల మీద పనిచేసే మన గోదావరి, కడప, కరీంనగర్ వాళ్ళు ఆసుపత్రికి తెచ్చే బాధలు ఎక్కువగా నాలుగైదే: ఛాతీలో మంట, కడుపునొప్పి, నడుములో పోటు, కళ్ళు తిరగడం, జ్వరం. మామూలు క్లినిక్‌లో డాక్టరు ఎక్కువమందికి వచ్చే జబ్బునే ముందు అనుమానిస్తారు. ఎమర్జెన్సీలో ఆ వరస తిరగబడుతుంది. ఈ బాధ వెనక ప్రాణం తీసేది ఏదైనా ఉందా అన్నదే అక్కడ తొలి ప్రశ్న. ఊపిరి, నాడి, రక్తపోటు, స్పృహ చూశాకే జబ్బు పేరు సంగతి. ఈ వరస వల్లే ప్రాణాలు నిలుస్తున్నాయని నా గట్టి నమ్మకం.

ఛాతీ మంటనే తీసుకోండి. మనవాళ్ళు వస్తూనే 'గ్యాస్ పట్టింది' అని తీర్పు చెప్పేస్తారు. గుండె కింది భాగానికి రక్తం అందకపోతే నొప్పి పొట్ట పైభాగంలోనే రావచ్చు; షుగర్ ఉన్నవాళ్ళకు నొప్పే లేకుండా ఆయాసం, చెమట, నీరసం మాత్రమే కనిపించవచ్చు. అందుకే వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది నియమం. అది మామూలుగా ఉన్నా అక్కడితో వదలరు. ట్రోపోనిన్ రక్తపరీక్ష చేసి, కొన్ని గంటల తర్వాత మళ్ళీ చేస్తారు, ఎందుకంటే గుండె కండరం దెబ్బతిన్న ఆనవాలు రక్తంలోకి రావడానికి కొంత సమయం పడుతుంది. గ్యాస్ మందు తాగగానే మంట తగ్గింది కదా, ఇన్ని పరీక్షలెందుకు, కూలి డబ్బు దండగ కాదా అని అడిగేవాళ్ళున్నారు. అడగాల్సిన మాటే. కానీ ఆ మందుకు నొప్పి తగ్గినంత మాత్రాన గుండెపోటు కాదని తేల్చలేం. పైగా 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్ళకు తొలి గుండెపోటు మిగతా వాళ్ళకన్నా సుమారు 6 ఏళ్ళు ముందే వచ్చింది. నలభైల్లో ఉన్న మనిషిని వయసు చూసి ఇంటికి పంపడం తగదు.

వడదెబ్బ విషయంలో వరస మరీ ముఖ్యం. ఒమాన్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఎండలో పని ఆపాలని నిబంధన ఉంది. అయినా మస్కట్ తేమలో చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. మనిషి తికమకగా మాట్లాడుతూ ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే ముందు చల్లబరచాలి, తరలించడం ఆ తర్వాత. చన్నీళ్ళు పోయాలి, తడిగుడ్డ కప్పి విసరాలి, వీలుంటే నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టాలి. పారాసిటమాల్ దీనికి పనిచేయదు. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదనుకోవడమూ పొరపాటే. శ్రమ చేస్తూ పడిపోయినవాడికి ఒళ్ళు తడిగానే ఉండవచ్చు.

ముందొచ్చినవాడిని కూర్చోబెట్టి వెనకొచ్చినవాడిని లోపలికి పిలవడం అన్యాయమన్న కోపం ప్రతి ఎమర్జెన్సీ వరండాలోనూ వినిపిస్తుంది. నెపోలియన్ సైన్యంలో సర్జన్ లారే హోదా చూడకుండా గాయం తీవ్రతను బట్టి చికిత్స చేయడం మొదలుపెట్టాడు. తీవ్రతను బట్టి రోగుల వరస నిర్ణయించే ఈనాటి ట్రయాజ్ పద్ధతికి మూలం అదే. మేనేజరూ మేస్త్రీ ఒకే కొలతకు నిలబడే చోటు గల్ఫ్‌లో ఇంకెక్కడుంది? కాకపోతే ఒక లోపం ఉంది. ట్రయాజ్ నర్సు కొలతలతో పాటు రోగి మాట మీదా ఆధారపడుతుంది. భాష రాక, సెలవు పోతుందన్న భయంతో బాధను తగ్గించి చెప్పినవాడు వరసలో వెనకబడతాడు. కూర్చున్నాక బాధ పెరిగితే లేచి చెప్పాలి, మళ్ళీ చూడమని అడగాలి.

కాబట్టి రూవిలో ఉన్న తెలుగువాళ్ళకు నా మనవి ఒకటే. జబ్బు పేరు మీరు చెప్పకండి. నొప్పి ఎక్కడ, ఎప్పుడు మొదలైంది, ఎటు పాకింది, ఏ మందులు వాడుతున్నారు, ఇవి చెప్పండి. భాష రాకపోతే అది తెలిసిన తోటివాణ్ణి వెంట తీసుకెళ్ళండి. ఛాతీ నొప్పితో చెమట పట్టినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగకుండా 9999కు ఫోన్ చేయండి.