ఉమ్మడి ఆంగ్ల ప్రమాణము – రాష్ట్రేతరాంధ్ర పాఠశాలలు

రాష్ట్రేతర ప్రాంతములందలి తెలుగు పాఠశాలలను గూర్చి వ్రాయువారు సాధారణముగా వాచకముల కొరతను, ఉపాధ్యాయుల ఖాళీలను ప్రస్తావింతురు. అవి సత్యములే. కాని తెలుగు ఉపాధ్యాయుడనగు నేను ఈ వ్యాసమున ఆంగ్లబోధనను విమర్శింపబూనితిని. ఇది పరుల పొలము దున్నుట కాదు. బిడ్డలను తెలుగు బడి మాన్పించు తల్లిదండ్రులలో పెక్కురు నాతో చెప్పిన కారణ మొక్కటే: "ఇక్కడ ఇంగ్లీషు రాదయ్యా!" ఈ మాటకు మనము సరియైన సమాధానము చెప్పలేని నాడు తెలుగు తరగతి నిలువదు.

హోసూరు, సోలాపురము, బరంపురము, బళ్లారి, యానాము – ఈ ఊళ్ల తెలుగు పిల్లల చదువులు వేర్వేరు ఏలుబడులలో సాగుచున్నవి. రాష్ట్రభాషలు వేరు, పాఠ్యపుస్తకములు వేరు, పరీక్షామండలులు వేరు. మహారాష్ట్రమున బాలభారతి ఎనిమిది భాషలలో వాచకములు ప్రకటించుచు అందు తెలుగునకును చోటిచ్చినది. యానాములో చిరకాలము ఆంధ్రప్రదేశ్ పాఠ్యప్రణాళిక నడచి, 2023 మొదలు ప్రభుత్వ పాఠశాలలు కేంద్ర మాధ్యమిక విద్యామండలి మార్గమునకు మారసాగినవి. ఇన్ని భేదముల నడుమ ఈ బిడ్డలందరికిని సమానముగా నున్న భాషలు రెండే: ఇంటి తెలుగు, బడి ఆంగ్లము. మొదటిదానికి ఉమ్మడి ప్రమాణము కావలెనని సభలలో తీర్మానించుచుందుము. రెండవదానిని గూర్చి ఆలోచించినవారు అరుదు.

కొన్నియేండ్ల క్రిందట కర్ణాటకమునుండి వచ్చిన ఒక బాలుడు మా బడిలో ఆరవ తరగతిలో చేరెను. తండ్రి తాపీమేస్త్రి. బాలుని పత్రములో ఆంగ్లమునకు మంచి శ్రేణియే యుండెను. దస్తూరి ముత్యములవలె నుండెను. పాఠముల చివరి ప్రశ్నలకు జవాబులన్నియు కంఠస్థములు. కాని తానెన్నడును చూడని నాలుగు పంక్తులిచ్చి చదువుమనగా నోరు విప్పలేదు. ఆ యేడే మా బడినుండి వేరొక రాష్ట్రమునకు పోయిన బాలికను అక్కడివారు మందమతుల వరుసలో కూర్చుండబెట్టిరని తెలిసినది. ఆమె ఆంగ్లకథ విని దాని సారమును తెలుగులో ముచ్చటగా చెప్పగలది. అక్కడివా రడిగినది పదముల వర్ణక్రమము. ఇద్దరి పత్రములందును ఉన్నది ఒకే శ్రేణి. తక్కెడకొక తీరు రాళ్లు వేసి తూచిన తూకమట్టిదే.

ఆంగ్లబోధనకు ఒక క్రమము కావలెనను చింత మన దేశమునకు క్రొత్త కాదు. బంగాళమున పనిచేసిన మైకేల్ వెస్టు అక్కడి బాలురకు మొదట కావలసినది చదివి గ్రహించు శక్తియని 1926లో వాదించెను. ఆయన 1953లో ప్రకటించిన నిత్యోపయోగ పదపట్టికలో సుమారు 2,000 పదములున్నవి. 1958లో హైదరాబాదున స్థాపింపబడిన కేంద్ర ఆంగ్లభాషా సంస్థయే నేటి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము. ఆ కాలముననే మద్రాసు రాష్ట్రమున వాక్యనిర్మాణములను సులభమునుండి కఠినమునకు క్రమపరచి బోధించు పద్ధతి వ్యాపించెను. 1979 మొదలు 1984 వరకు ఎన్. ఎస్. ప్రభుగారు బెంగుళూరు కేంద్రముగా నడపిన ప్రయోగము, వ్యాకరణసూత్రముల కంటె అర్థవంతమైన పనుల ద్వారా భాష అలవడునని నిరూపింపజూచెను. ఏ పదములు, ఏ వాక్యములు, ఏ పనులు అను ప్రశ్నలకు ఈ ప్రయత్నములు సమాధానము వెదకినవి. ఏ తరగతి ముగియునాటికి ఎంత రావలెను అనునది వేరు ప్రశ్న. ప్రమాణమనగా ఆ ప్రశ్నకు సమాధానమే.

జాతీయ విద్యాపరిశోధన, శిక్షణ మండలి 2017లో ప్రకటించిన అభ్యసన ఫలితములు ఈ దిశగా పెద్ద యడుగు. ఒకటవ తరగతి బిడ్డ ఆంగ్లకథను గూర్చిన ప్రశ్నలకు ఏ భాషలోనైనను బదులు చెప్పవచ్చునని అందు అంగీకరింపబడినది. ఇది మెచ్చదగిన యౌదార్యము. కాని పై తరగతులకు పోయినకొలది మాటలు పెద్దవై కొలతలు కరగిపోవుచున్నవి. విమర్శనాత్మకముగా ఆలోచించుట, పాత్రలను పోల్చి చూచుట మంచివే. ఎన్ని పంక్తుల కథలో, ఎంతటి పరిచితపదములతో, ఎవరి సాయముతో? ఇది తేలనంతకాలము ఒకే వాక్యమును సోలాపురపు ఉపాధ్యాయుడొక తీరున, హోసూరు ఉపాధ్యాయుడొక తీరున అర్థము చేసికొందురు. పేరు ఉమ్మడి, కొలత సొంతము.

రెండవ లోపము మనకు మరింత దగ్గరిది. తెలుగు బిడ్డ ఆంగ్లమునకు ఉత్తచేతులతో రాడు. మన మాటలు ప్రాయికముగా అజంతములు గనుక బస్ అనునది వాని నోట బస్సగును, పెన్ అనునది పెన్నగును. మన వాక్యమున క్రియ తుదినుండును. ఆంగ్లమున అది కర్త వెంటనే వచ్చును. 'ఎ', 'ది' అను ఉపపదములు మనకు లేవు. ఇవి వాని చిక్కులు. వానికి కలిమియు కలదు. తమిళలిపిలో క-గ లకు ఒకే అక్షరము, ప-బ లకు ఒకే అక్షరము. తెలుగు లిపి నేర్చిన బిడ్డకు ఈ భేదములు కంటికిని చెవికిని ముందే యలవడినవి. 2006 నాటి తమిళభాషాభ్యసన చట్టము తరువాత మా పిల్లలు చిన్ననాటనే మూడు లిపులు పట్టుచున్నారు. ఐనను ఆంగ్లోపాధ్యాయుడు అర్థమును రాష్ట్రభాషలోనే చెప్పును. ఒక యేరు దాటవలసినచోట మా బిడ్డ రెండేరులు దాటవలెను. దాటిన రెండవ యేటిని ఏ ప్రమాణమును లెక్కింపదు.

కావున నేను సూచించునది స్వల్పము. ఐదవ తరగతి ముగియునాటికి తెలుగు బిడ్డకు ఐదు శక్తు లుండవలెను: చిన్న కథ విని ప్రశ్నలకు బదులు చెప్పుట, తన్ను గూర్చి ఐదు వాక్యములు పలుకుట, ఎన్నడు చూడని అరువది మాటల భాగమును తడబడక చదువుట, ఐదు సొంత వాక్యములు వ్రాయుట, చదివినదాని సారమును తెలుగులో చెప్పుట. ఈ లెక్కలను అనుభవజ్ఞులు సవరింపవచ్చును. బిడ్డ బడి మారునపుడు బదిలీపత్రముతో పాటు ఒక పుట పంపవలెను. అందు శ్రేణి కాదు, బిడ్డ చదివిన భాగము, వ్రాసిన వాక్యములు, చెప్పిన తెలుగు సారము ఉండవలెను. క్రొత్త బడివారు తమ కన్నులతో చూచుకొందురు.

తెలుగును చేర్చినచో ఆంగ్లము పలుచబడునని కొంద రాక్షేపింపవచ్చును. తెలుగు సారము మొదటి నాలుగింటికి బదులు కాదు. కంఠపాఠమునకును గ్రహణమునకును భేదము తెల్పు సాక్షి. ఆ సాక్ష్యమున్నచో తాపీమేస్త్రి కుమారుని లోపము ఆరవ తరగతి వరకు దాగియుండెడిది కాదు. మనకు అధికార మెక్కడిదని మరికొందరందురు. పరీక్షలు మండలులవే, మార్కులు వారివే. ఒక పుట వ్రాసి పంపుటకు ఎవరి యుత్తరువును అక్కరలేదు.

నేరమంతయు పరులది కాదు. ఆంగ్లము తెలుగునకు శత్రువని తరగతిలో నేనును ఎన్నో యేండ్లు చెప్పితిని. ఆ మాట విన్న బిడ్డలు ఆంగ్లమును మానలేదు. తెలుగు తరగతిని మానిరి. తెలుగు పంతులును ఆంగ్లోపాధ్యాయుడును ఒకే బల్లయొద్ద కూర్చుండి ఆ పుటను నింపిననాడు, "ఇక్కడ ఇంగ్లీషు రాదయ్యా" అను తండ్రికి చేతికందించుటకు ఒక సమాధానముండును. ఈ సంపుటమును చదువు ఉపాధ్యాయ సోదరసోదరీమణులు తమ బడిలో ఒక్క తరగతికైనను దీనిని ప్రయత్నించి, లోపములను నిర్మొగమాటముగా తెలుపుదురని ప్రార్థించుచున్నాను.