రక్తం సరే, నలుగురూ ఏమనుకుంటారు?

నెత్తురు చుక్క కారితే భయమేస్తుంది, బిందెలతో కుమ్మరిస్తే నవ్వొస్తుంది. ఈ కిటుకు పీటర్ జాక్సన్ కనిపెట్టాడని అనను. 1987లోనే ‘ఈవిల్ డెడ్ 2’తో శామ్ రైమీ ఆ దారి వేసేశాడు. కానీ ఆ దారిన చివరిదాకా వెళ్లి, గోడకి గుద్దుకుని, గోడని కూడా ఎర్రగా తడిపి వచ్చినవాడు మాత్రం జాక్సనే. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడో భాగానికి 11 ఆస్కార్లు తెచ్చుకున్న పెద్దమనిషి, అంతకు చాలా ముందు, 1992లో, న్యూజిలాండ్‌లో ‘బ్రెయిన్‌డెడ్’ అనే సినిమా తీశాడు. అమెరికాలో దాని పేరు ‘డెడ్ అలైవ్’. పతాక సన్నివేశానికి దాదాపు 300 లీటర్ల సినిమా రక్తం పట్టిందని చెబుతారు.

ఇలాంటివి థియేటర్‌లో పదిమంది కేకల మధ్య చూస్తేనే మజా అనేవాళ్లున్నారు. ఉండొచ్చు. దీన్ని మాత్రం ఇంట్లోనే చూడాలని నా వాదన, ఎందుకంటే ఇది ఇంటి గురించిన సినిమా. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఇంట్లో జరిగేది వీధిలోకి పొక్కకుండా ఓ కొడుకు పడే అవస్థ.

కథ 1957లో వెల్లింగ్టన్ నగరంలో జరుగుతుంది. మనకి ‘మాయాబజార్’ వచ్చిన ఏడాదే. ఊరికే తగిలిన పోలికే అయినా నాకు వదలబుద్ధి కాలేదు. ఘటోత్కచుడు విందుకి కూర్చున్నప్పుడు లడ్లు వాటంతటవే లేచి నోట్లోకి వెళ్తుంటే, అవతల ఉన్నది రాక్షసుడన్న సంగతే మరిచిపోయి పిల్లలు చప్పట్లు కొడతారు. ఆకలి ఆ కొలతకి చేరితే ఇక భయపెట్టలేదు. జాక్సన్ లెక్కా అదే. అక్కడ లడ్లు, ఇక్కడ పేగులు.

లయనెల్ పెళ్లీడుకొచ్చిన బుద్ధిమంతుడు. అమ్మ వేరా గీసిన గీత దాటడు. కొట్లో పనిచేసే పకీటా అనే అమ్మాయితో జూకి వెళ్తే, తల్లి చాటుగా వెంబడిస్తుంది. అక్కడ సుమత్రా నుంచి తెచ్చిన ఎలుక-కోతి ఆవిణ్ణి కరుస్తుంది. (ఆ జంతువుని పట్టుకొచ్చిన దీవి పేరు స్కల్ ఐలండ్. జాక్సన్‌కి చిన్ననాటి నుంచీ ప్రాణమైన ‘కింగ్ కాంగ్’కి అదో దండం.) అక్కణ్ణుంచి ఆవిడ ఒళ్లు ఊడిపోవడం మొదలవుతుంది. అదే సమయానికి ఇంటికి విందుకొచ్చేవాళ్లు ఊళ్లో పరువున్న మహిళా సంఘం అధ్యక్షురాలూ, ఆవిడ భర్తా.

ఈ విందు దృశ్యం గురించి కాస్త నిలబడి చెప్పాలి. అతిథులు వచ్చేలోగా, ఊడిపోయిన అమ్మ చెంప తోలుని లయనెల్ జిగురు పెట్టి అతికిస్తాడు. అందరూ బల్ల దగ్గర కూర్చుంటారు. కస్టర్డ్ వడ్డిస్తారు. వేరా చేతి పుండు చిట్లి, అందులోది తిన్నగా అధ్యక్షురాలి భర్త గిన్నెలో పడుతుంది. ఆయన చూడడు. కలుపుకుని, లొట్టలేసుకుంటూ తింటాడు. తర్వాత వేరా చెవి ఊడి తన గిన్నెలోనే పడుతుంది. తనే దాన్ని చెంచాతో తీసుకుని నమిలేస్తుంది. ఇందులో ఎవరూ ఎవర్నీ చంపలేదు, కత్తి లేదు, కేక లేదు. అయినా సినిమా మొత్తంలో నేను దిండు మొహానికి అడ్డం పెట్టుకునేది ఇక్కడే, కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వేదీ ఇక్కడే. నవ్వు పుట్టేది పుండులోంచి కాదు. అతిథుల ఎదుట ఏమీ జరగనట్టు కూర్చున్న లయనెల్ మొహంలోంచి. దూరపు చుట్టాలొచ్చిన రోజు ఇంట్లో గొడవని పడగ్గదిలో పెట్టి గొళ్లెం వేసిన ఏ ఇంటివాళ్లకైనా ఆ మొహం తెలుసు.

ఇక మా సంగతి చూడండి. రాత్రి భోజనాలయ్యాక, పిల్లలు పడుకున్నాక, గోడ అవతల పక్క ఫ్లాటువాళ్లకి అరుపులు వినపడతాయని వాల్యూమ్ సగానికి సగం తగ్గించి పెట్టాం. తెరమీద లయనెల్, జాంబీగా మారిన అమ్మతో సహా లేచి తిరిగే శవాల్ని నేలమాళిగలో దాస్తున్నాడు, ఇక్కడ మేం వాటి శబ్దాల్ని దాస్తున్నాం. రిమోట్ మా ఆవిడ చేతికివ్వను. భయమేసిన ప్రతిసారీ ఆపుతుంది. ఆపితే రబ్బరు రబ్బరుగానే కనిపిస్తుంది, నవ్వు గొంతులోనే చచ్చిపోతుంది. రెండోసారి చూసేటప్పుడు ఎన్నిసార్లు ఆపినా తప్పులేదు. అప్పుడు పనితనం కనిపిస్తుంది. కంప్యూటర్ గ్రాఫిక్స్ ఊసు లేని ఆ సినిమాలో తోలుబొమ్మలూ, ఫోమూ, గొట్టాలూ, ఎలుక-కోతిని ఒక్కో ఫ్రేము చొప్పున కదిపిన వేళ్లూ. ఈ జాక్సనే తన మొదటి సినిమా ‘బ్యాడ్ టేస్ట్’కి కావలసిన మాస్కుల్ని వాళ్లమ్మ వంటింటి ఓవెన్‌లో కాల్చాడు. ఆ తల్లి ఏమనలేదేమో. వేరా అయితే ఊరుకునేది కాదు.

మత్తు ఇంజెక్షన్లతో జోకొట్టిన నలుగురు శవాల్ని లయనెల్ బల్ల చుట్టూ కూర్చోబెట్టి గంజిలాంటిదేదో చెంచాతో తినిపిస్తుంటాడు. సరిగ్గా ఆ సమయానికి మా అమ్మ మంచినీళ్లకి లేచి వచ్చింది. గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

“ఎవడ్రా ఆ అబ్బాయి, అంత ఓపిగ్గా తినిపిస్తున్నాడు?”

“వాళ్లమ్మకమ్మా.”

“పెళ్లయిందా?”

“ఒకమ్మాయిని ఇష్టపడ్డాడు. వాళ్లమ్మకి నచ్చలేదు.”

“నచ్చదు మరి,” అని చెంబు పట్టుకుని లోపలికెళ్లిపోయింది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను తెర వైపు చూశాను.

మన ఇళ్లలో నెత్తురు కొత్తేం కాదు. ఫ్యాక్షన్ సినిమాల్లో సుమోలు గాల్లోకి లేస్తూ, వేటకొడవళ్లు తిరుగుతుంటే పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చూశాం. ఎవరూ కళ్లు మూసుకోమనలేదు. ఆ నెత్తురుకి ప్రతీకారం అనే గౌరవం ఉంది కాబట్టి చెల్లిపోయింది. దాన్నే నవ్వుకి వాడితే ఛీ అంటాం. 2021లో ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’లో ఈ రెంటినీ కలిపాడు. కర్నూలు వైపు ఫ్యాక్షన్ గొడవల మధ్యకి జాంబీల్ని దింపడం మంచి ఎత్తు. కానీ మన జాంబీ సినిమాలు ఇంకా వీధిలోనే పరిగెడుతున్నాయి. సొంత మేనత్తో, తోడల్లుడో జాంబీ అయితే ఇంట్లో ఎక్కడ దాచాలన్న చిక్కు దగ్గరికి ఎవరూ రాలేదు.

ఆ చిక్కుని జాక్సన్ ఎంత పిండాడంటే, నిర్ణయించిన డబ్బులో కొంత మిగిలిందని మరో దృశ్యం తీసి కలిపాడు. లయనెల్ ఓ జాంబీ పసివాణ్ణి బండిలో వేసుకుని పార్కుకి షికారు తీసుకెళ్తాడు. చుట్టూ తల్లులు. బిడ్డ పట్టు తప్పించుకుంటాడు. వాణ్ణి తరిమి, కొట్టి, సంచిలో కుక్కుతాడు. మధ్యమధ్యలో ఆ తల్లుల వైపు తిరిగి మర్యాదగా నవ్వుతాడు. మిగిలిన సొమ్ముతో ఇంకో పది తలలు నరికించకుండా, నలుగురి చూపుల మీద ఖర్చుపెట్టాడు. దర్శకుడికి తన సినిమా ఏమిటో తెలుసనడానికి ఇంతకంటే రుజువు నాకక్కర్లేదు.

బ్రిటన్ సెన్సారు దీన్ని ఒక్క కత్తెర పడకుండా పెద్దలకి వదిలేసింది. జర్మనీ నిషేధించింది. అమెరికాలో ఆర్ రేటింగ్ కోసం 85 నిమిషాలకి కోసేసిన వెర్షన్ ఒకటి తిరిగింది. అది దొరికితే చూడకండి. నెత్తురు తగ్గిస్తే సినిమా సాత్వికమైపోదు, ఉత్త హింసగా మిగులుతుంది. అతి అనేదే ఇందులో హాస్యం.

నచ్చనిది కూడా ఉంది. మొదట్లో సుమత్రా మనుషుల్ని అరుస్తూ పరిగెత్తే ఆటవికుల్లా చూపించడం అప్పటి పాత సాహస చిత్రాల్ని వెక్కిరించడమే అనుకున్నా, వెక్కిరింత వాళ్ల మీదే పడింది. అక్కడే ఎలుక-కోతిని పట్టుకొచ్చినవాణ్ణి అది కరిచిన చోటల్లా నరికేస్తూ, చివరికి నుదుటి మీద గాటు కనపడేసరికి సినిమా పేరు పడటం మాత్రం పక్కా హాస్యం.

చివరికి మేనమామ లెస్ ఆ ఇంటిని కాజేసి, అందులో పార్టీ పెట్టి ఊరందర్నీ పిలుస్తాడు. అంటే దాచిందంతా అతిథుల ముందుకి రావడం ఖాయం. అప్పుడు లయనెల్ గడ్డి కోసే మిషన్ ఛాతీకి కట్టుకుని, తాడు లాగి, హాల్లోకి నడుస్తాడు. ఆయుధం కూడా ఇంటి సామానే. ఆ తర్వాత కొండంత పెరిగిన తల్లి, పొట్ట తెరిచి కొడుకుని మళ్లీ లోపలికి లాక్కుంటుంది. అతను కోసుకుని బయటికి వస్తాడు. ఇల్లు కాలిపోతుంది. అగ్నిమాపక బండ్లు వస్తుంటే, నెత్తుట్లో తడిసిన లయనెల్, పకీటా చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచి వెళ్లిపోతారు. తెల్లారాక ఆ మహిళా సంఘంలో మిగిలినవాళ్లు వచ్చి అడిగితే ఏం చెప్పాడో జాక్సన్ చూపించలేదు. రెండో భాగం తీస్తే నేను చూడాలనుకునేది అదొక్కటే.