చీపురు చేతనుండగనే విమోచనము

కాన్వాసుపై వర్ణములతో నిర్మించెడి చిత్రమునందు చిత్రకారుని భావన ముందు నడువగా, పాత వస్తువులను ఏరి కూర్చెడి అసెంబ్లేజ్ కళయందు వస్తువే ముందు నడచి భావనను తన వెంట గొనిపోవును. ఆ వస్తువునకు అప్పటికే ఒక జీవితము గడచియున్నది. అది ఎవరి చేతులలోనో అరిగి, ఎవరి యింటిలోనో మాసి, తుదకు అక్కరలేనిదై వీధిన బడినది. ఆ గతమును కడిగివేయక, అరుగుదలను, మరకను సైతము వర్ణములవలె వాడుకొనుట ఈ ప్రక్రియలోని ప్రధానమైన నేర్పు. ఆ నేర్పును నల్లజాతి స్త్రీల ఆత్మగౌరవమును నిలువబెట్టుటకై వినియోగించిన అమెరికా కళాకారిణి బెటీ సార్.

1926లో లాస్ ఏంజెలిస్ నగరమున జన్మించిన ఈమె, బాల్యమున వాట్స్ పేటలోని నాయనమ్మ యింటికి పోవునపుడు, సైమన్ రోడియా యను ఇటలీ దేశస్థుడు ఒంటరిగా కట్టుచున్న గోపురములను చూచుచుండెడిది. 1921 మొదలు 1954 వరకు ఆయన ఇనుమునకు సిమెంటు చుట్టి, అందు పగిలిన పింగాణీ పెంకులను, సీసాల ముక్కలను, సముద్రపు గుల్లలను అద్దుచు, సుమారు 30 మీటర్ల యెత్తునకు వానిని లేపెను. పగిలినదానికిని సౌందర్యము కలదని ఆ బాలికకు ఎవరును ఉపదేశింప నక్కరలేకపోయెను. పిమ్మట డిజైనును, ముద్రణకళను అభ్యసించి, ముగ్గురు కుమార్తెలను పెంచుచు పనిచేసికొనుచుండగా, 1967లో పాసడీనా మ్యూజియమున, అసెంబ్లేజ్ కళాకారుడైన జోసెఫ్ కార్నెల్ పాత వస్తువులతో కూర్చిన పెట్టెలను చూచెను.

ఆ స్ఫూర్తితో రెండేండ్లకు, 1969లో, ఒక పాత కిటికీ చట్రమును గైకొని ‘నల్లపిల్ల కిటికీ’ యను కృతిని కూర్చెను. పైభాగమున తొమ్మిది చిన్న గడులు. వానిలో చంద్రతారకలు, అస్థిపంజరము, ఆమె జన్మరాశియైన సింహము. క్రింది పెద్ద గడిలో ఒక బాలిక నల్లని ఛాయ, గాజునకు అరచేతులు ఆనించి మనవంక చూచుచున్నది. ఆ అరచేతుల నిండ గ్రహరాశుల గుర్తులు. లోకమునకు ఆమెయందు నలుపొక్కటే కానవచ్చుచున్నను, ఆమె తలపై మాత్రము ఆకాశమంత అంతరంగము పరచుకొనియున్నది.

ఇట్టి కృతులను సహజస్ఫురణచే కూర్చుట యనగా చేతికందినదెల్ల అతికించుటయే యని తలచువారు కలరు. సార్ పనితీరు అట్టిది కాదు. పాత సామానుల సంతలలో తిరుగుచు, మనస్సు లాగిన వస్తువును తెచ్చి ఆమె తన పనిగదిలో నుంచుకొనును. అది ఏల లాగినదో అప్పుడే తెలియనక్కరలేదు. పిదప దానికి ఏ తోడు కావలెనో చిత్తుబొమ్మ గీసికొనును. 2019లో లాస్ ఏంజెలిస్ కౌంటీ మ్యూజియమువారు ఆమె చిత్తుపుస్తకములను పూర్తియైన కృతుల ప్రక్కన ప్రదర్శించినపుడు ఈ క్రమము లోకమునకు స్పష్టమైనది. స్ఫురణ వస్తువును ఎన్నుకొనగా, వివేకము దానికి స్థానమును నిర్ణయించును. ఒకే పదము ప్రకరణభేదమున వేరొక అర్థమును ధ్వనించునని మన ఆలంకారికులు చెప్పిన న్యాయమే ఇచట వస్తువులకును వర్తించుచున్నది.

1968లో జరిగిన, నల్లవారి పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ హత్య ఆమెను కలచివేసెను. నల్లవారిని వెక్కిరించుటకై చేసిన బొమ్మలను, ప్రకటనలను ఏరి తెచ్చి, వానినే ఆయుధములుగా మార్చ పూనుకొని, 1972లో ‘ఆంట్ జెమైమా విమోచనము’ను రచించెను. అది సుమారు 30 సెంటీమీటర్ల యెత్తుగల చిన్న పెట్టె. వెనుకగోడ నిండ, 1889 నాడు పుట్టిన ఆంట్ జెమైమా యను అట్లపిండి వ్యాపారపు గుర్తులోని నవ్వుముఖము వరుసలు వరుసలుగా నున్నది. ముందు, చీటీలు వ్రాసికొను కాగితములను నిలుపుటకై చేసిన లావుపాటి పనికత్తె బొమ్మ. ఒక చేత చీపురు, రెండవచేత సార్ ఉంచిన తుపాకి. కాగితములుండవలసిన చోట బిడ్డను ఎత్తుకొన్న దాది పటము, దానికడ్డముగా బిగించిన నల్లని పిడికిలి. పాదముల క్రింద, బానిసల చెమటతో పండిన ప్రత్తి.

చూపరులు సాధారణముగా తుపాకిని గూర్చియే మాటలాడుదురు. నాకు మాత్రము ఆమె చీపురును తీసివేయకుండుటయే మహత్తరముగా తోచుచున్నది. తుపాకినిచ్చి చీపురును లాగికొనియున్నచో, తరతరములుగా ఊడ్చి, వండి, పరుల బిడ్డలను పెంచిన స్త్రీలు తమ బ్రదుకునకు సిగ్గుపడవలెనను అర్థము వచ్చియుండెడిది. ఆ మొగమునందలి వికారపు నవ్వును సైతము ఆమె చెరపలేదు. అవమానించినవారి చేతిపని అట్లే యుండి వారిపైననే సాక్ష్యము పలుకుచున్నది. నల్లజాతి స్త్రీల ఉద్యమము ఈ కృతితోనే ఆరంభమైనదని నల్లజాతి ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ తరువాతి కాలమున చెప్పియుండుట అతిశయోక్తి కాదు. ఆ పేరును విడనాడుటకు పిండి సంస్థ నిశ్చయించుకొన్నది 2020లో.

1997 నుండి ఆమె చేపట్టిన బట్టలుతుకు పలకల కృతులు ఈ చీపురునకు తోబుట్టువులు. చెక్కచట్రమునడుమ గరుకు గీట్లుగల రేకు. దానిపై పాత బొమ్మలు, ఛాయాచిత్రములు, వ్రాతలు. ఆ పలకలపై వేళ్లు అరుగగొట్టుకొని కుటుంబములను పోషించిన స్త్రీల పేర్లు ఏ చరిత్రగ్రంథమునను వ్రాయబడలేదు. గీట్లు మాత్రము, ఏ చోట ఎక్కువ రాపిడి తగిలినదో ఆ చోటనే అరిగి, వారి శ్రమను తమయందు నిలుపుకొనియున్నవి.