గోడ మీది క్యాలెండరు, తల మీది ఆకాశం

చుక్కలు చూడడం నేర్చుకోవాలని ఉందని చెప్పేవాళ్లు ఆ వెంటనే అడిగేది టెలిస్కోపు ఎంతకొస్తుందని. ఇప్పుడే కొనొద్దంటాను. ముందు ఒక ఏడాది ఉత్త కళ్లతో చూడమంటాను. అందుకు కావలసినవి రెండే: కాస్త చీకటి మిగిలిన మేడ, ఇంట్లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు.

క్యాలెండరు ఎందుకంటారా? అందులో ప్రతి తేదీ కింద తిథి, దాని పక్కన ఆ రోజు నక్షత్రం అచ్చయి ఉంటాయి. ముహూర్తానికో, పుట్టిన నక్షత్రానికో తప్ప మనం దానివైపు చూడం. నిజానికి అది ఆకాశంలో చంద్రుడి చిరునామా. చుక్కల మధ్య ఒక చుట్టు తిరిగి రావడానికి చంద్రుడికి 27 రోజుల పైచిలుకు పడుతుంది. అందుకే ఆ దారిని పూర్వులు 27 భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక నక్షత్రం పేరు పెట్టారు. క్యాలెండరులో రోహిణి అని ఉంటే చంద్రుడు ఆ భాగంలో ఉన్నాడన్నమాట. పక్కనే ఉన్న గంటలు కూడా చూసుకోవాలి. రాత్రయ్యేసరికి నక్షత్రం మారిపోతే తర్వాతి పేరు తీసుకోవాలి. అప్పుడు మేడెక్కి చూడండి. చంద్రుడికి దగ్గర్లో నారింజ రంగులో ఒక పెద్ద చుక్క ఉంటుంది. అదే రోహిణి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పే చుక్కలు నాలుగు: రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ. నాలుగూ కాంతి గలవి, నాలుగూ చంద్రుడి దారికి దగ్గరవి. చిత్త నీలం కలిసిన తెలుపు, జ్యేష్ఠ ఎరుపు. స్వాతి, శ్రవణం కూడా పెద్ద చుక్కలే కానీ ఆ దారికి బాగా ఎడంగా ఉంటాయి కాబట్టి వాటిని తర్వాత పట్టుకోవచ్చు. పున్నమి వెలుగులో చుట్టుపక్కల చుక్కలు వెలవెలబోతాయి. అష్టమి, నవమి నాటి చంద్రుడైతే మేలు.

దూరం కొలవడానికి చెయ్యి చాలు. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే అది కప్పే మేర దాదాపు 10 డిగ్రీలు. చిటికెన వేలి వెడల్పు ఒక డిగ్రీ. పిల్లల పిడికిలి చిన్నది, చెయ్యీ పొట్టిదే, కాబట్టి లెక్క వాళ్లకూ సరిపోతుంది. ఈ రాత్రి చంద్రుడికీ రోహిణికీ మధ్య ఎంత ఉందో కొలిచి పెట్టుకుని, రేపు అదే వేళకు మళ్లీ కొలవండి. చంద్రుడు పిడికిలి కంటే ఎక్కువ మేర తూర్పుకు జరిగిపోయి ఉంటాడు. ప్రతి రాత్రీ అన్నిటితో పాటు పడమటికి వాలుతూనే, చుక్కల మధ్య మాత్రం రోజుకు 13 డిగ్రీలు వెనక్కి, తూర్పువైపు నడుస్తాడు. ఈ సంగతి బడిలో చదువుకున్నదే. కానీ మొదటిసారి నా పిడికిలితో కొలిచి చూసినప్పుడు కలిగిన సంతోషం ఏ పాఠమూ ఇవ్వలేదు. అంతదాకా అది పుస్తకానిది, ఆ రాత్రి నుంచి నాది.

చంద్రుడి తర్వాత సూర్యుడు. ఏరువాక రోజుల్లో మృగశిర కార్తె అంటాం. జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది, రెండు వారాలుంటుంది, చాలా ఇళ్లల్లో ఆ రోజు చేపల కూర వండుతారు. ఆ కార్తెలో ఎంత వెతికినా రాత్రి ఆకాశంలో మృగశిర కనిపించదు. సూర్యుడు అక్కడే ఉంటాడు కాబట్టి ఆ చుక్కలు పట్టపగలు మన నెత్తిమీదుగా వెళ్లిపోతుంటాయి. మన రైతులు విత్తనానికి లెక్క పెట్టుకున్నది ఇలా కనపడని చుక్కతో! సూర్యుడి వెనక ఏముందో ఎలా తెలిసింది? పొద్దుగూకగానే పడమట ఏ చుక్క వాలుతోంది, తెల్లవారబోతుండగా తూర్పున ఏది లేస్తోంది అని తరతరాలుగా చూడడం వల్ల. ప్రతి చుక్కా రోజుకు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తుంది, నెలకు 2 గంటలు. జూన్‌లో సూర్యుడి చాటున ఉన్న మృగశిర డిసెంబరులో అర్ధరాత్రి నడినెత్తికి చేరువవుతుంది. మన పంచాంగం వెనక ఉన్నది ఇంతటి ఓపిక. అది తెలిశాక కార్తెల పేర్లు వింటే ఆ చూసిన కళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఆ డిసెంబరు ఆకాశమే కొత్తవాళ్లకు అన్నిటికన్నా మంచి బడి. ఒకే వరసలో మూడు చుక్కలు ఇట్టే దొరుకుతాయి. వాటికి ఒక పక్క ఎర్రటి ఆరుద్ర, మరో పక్క తెల్లని రైజెల్. ఎరుపు చల్లనిది, తెలుపు వేడిది. రైజెల్ పైభాగం ఆరుద్ర కంటే మూడు రెట్లకు పైగా వేడి. కాస్త పడమరగా రోహిణి, ఇంకా పడమరగా పిల్లలకోడి అని పిలుచుకునే కృత్తికల గుంపు. కృత్తికలను సూటిగా కాకుండా రవ్వంత పక్కకు చూపు పెట్టి చూడండి. కంటి నడిమి భాగం కంటే చుట్టూ ఉన్న భాగం మసక వెలుగును బాగా పడుతుంది. అప్పుడు ఇంకో ఒకటి రెండు చుక్కలు బయటపడతాయి.

ఇలా కొన్నింటితో పరిచయం పెంచుకుంటే ఆకాశంలో మార్పు జరిగినప్పుడు మన కంటికే ఆనుతుంది. 2019 చివర్లో ఆరుద్ర మసకబారడం మొదలైంది. 2020 ఫిబ్రవరికి దాని వెలుగు మామూలులో దాదాపు మూడో వంతుకు పడిపోయింది. అది వెదజల్లిన పదార్థం చల్లారి ధూళి మేఘమై అడ్డుపడిందని శాస్త్రజ్ఞులు తర్వాత తేల్చారు. నేను మా మేడ మీద నిలబడి ఆరుద్రను రోహిణితో పోల్చి చూసేవాణ్ని. ఎప్పుడూ ముందుండే ఆరుద్ర ఆ రోజుల్లో రోహిణి వెనక పడింది. వందల కాంతి సంవత్సరాల దూరంలో జరిగినదాన్ని పరికరమేదీ లేకుండా చూడగలిగాను. టెలిస్కోపు ముందు కళ్లకు పని చెప్పాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

మనం నిలబడ్డ చోటు కూడా ఆకాశంలో తెలుస్తుంది. ఉత్తర దిక్కున ధ్రువనక్షత్రం ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉందో అదే ఆ ఊరి అక్షాంశం. హైదరాబాదులో 17 దాటుతుంది, అంటే రెండు పిడికిళ్లకు కొంచెం తక్కువ. న్యూజెర్సీలో ఉన్న మన పిల్లలకు నాలుగు పిడికిళ్లు. అందుకు బదులుగా మనకు దక్కింది అగస్త్యుడు. రాత్రి ఆకాశంలో కాంతిలో రెండో స్థానం ఆ చుక్కది. ఫిబ్రవరి రాత్రి తొమ్మిదింటికి దక్షిణాన రెండు పిడికిళ్ల ఎత్తులో మనకు కనిపిస్తుంది, న్యూజెర్సీలో అసలు ఉదయించదు. పెళ్లిలో చూపించే అరుంధతిని చాలామంది ఆ క్షణాన చూసి ఉండరు. మే నెలలో రాత్రి పదింటికి ఉత్తరాన సప్తర్షులు బాగా పైకి వస్తారు. తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు, ఆయనను ఆనుకుని సన్నగా అరుంధతి. పెళ్లయి ఎన్నేళ్లయినా సరే, ఇద్దరూ కలిసి చూడండి.

ఊళ్లలో చీకటి కరిగిపోతున్న మాట నిజం. బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీలో ఒకప్పుడు లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచారు. మన దేశపు గొప్ప ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు బాల్యం ఆ పరిసరాల్లోనే గడిచింది, వాళ్ల నాన్నగారు అక్కడ పనిచేసేవారు. ఈనాడు ఆ చుట్టుపక్కల తల పైకెత్తితే దీపాల వెలుతురే ఎక్కువ. అయినా నేను చెప్పిన పెద్ద చుక్కలు నగరం నడిబొడ్డున కూడా కనిపిస్తాయి. మేడ మీది దీపం ఆర్పి, ఫోను లోపల పెట్టి, కళ్లకు 20 నిమిషాలు చీకటి అలవాటు చేస్తే చాలు. అవసరం లేని దీపాలు ఆర్పడం, వీధి దీపాల వెలుగు నేలకే పడేలా చూడమని అడగడం మన చేతిలో ఉన్న పనులే.

ఈ నెల క్యాలెండరులో రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ ఉన్న తేదీలకు పెన్నుతో గుర్తు పెట్టండి. వాటిలో చంద్రుడు రాత్రి భోజనాల వేళకు కనిపించే రోజున పిల్లల్ని వెంటబెట్టుకుని మేడెక్కండి. ఒక్క చుక్కను పేరుతో గుర్తుపట్టండి. మిగతా ఏడాది అదే నేర్పుతుంది.