నీళ్లు కాస్త చల్లారనివ్వండి

గ్రీన్ టీ అనగానే మన దగ్గర ముందు ఒంటి బరువు గుర్తొస్తుంది, ఆ వెంటనే చేదు. సలసల మరిగే నీళ్లలో టీ బ్యాగ్ వేసి, అలాగే వదిలేసి, మందులా గడగడా తాగేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ చేదులో చాలా వంతు నీళ్ల వేడి తెచ్చిపెట్టిందే.

నేను ఎక్కువగా కాచేది జపాన్ సెంచా. కోసిన ఆకుకు వెంటనే ఆవిరి పట్టిస్తారు. దాంతో ఆకును నల్లబరిచే ఎంజైములు ఆగిపోయి పచ్చదనం నిలుస్తుంది. తర్వాత నలుపుతూ, ఆరబెడుతూ సూదుల్లా చుడతారు. ఉజి ప్రాంతానికి చెందిన నగతాని సోయెన్ 1738లో ఈ పద్ధతిని కుదిర్చాడని చెబుతారు. చైనాలో అయితే ఆవిరికి బదులు వేడి మూకుడు. హాంగ్‌ఝౌ లాంగ్‌జింగ్ ఆకును చేత్తో అదిమి వేయిస్తారు, దానికి గింజలు వేగిన వాసన అందుకే.

ఆకులోని కమ్మదనం థియానిన్‌ది. అది గోరువెచ్చని నీళ్లలోనూ దిగుతుంది. వగరిచ్చే క్యాటెచిన్లు, చేదుగా ఉండే కెఫీన్ మాత్రం వేడి పెరిగేకొద్దీ జోరుగా దిగుతాయి. అందుకే సెంచాకు 70 డిగ్రీలు చాలంటాను. థర్మామీటరు అక్కర్లేదు. మరిగిన నీళ్లను ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఒంపితే ఒక్కోసారికి సుమారు 10 డిగ్రీలు తగ్గుతాయి. కాఫీ తిరగబోసే చేతులకు ఇదేం కష్టం కాదు.

ఇద్దరికి రెండు చెంచాల ఆకు, 150 మిల్లీలీటర్ల నీళ్లు, ఒక్క నిమిషం. కదపకూడదు. రెండు కప్పుల్లోకి కొంచెం కొంచెంగా, అటూ ఇటూ మార్చి పోస్తే రెండింటా ఒకే చిక్కదనం వస్తుంది. ఆఖరి చుక్క దాకా వంచాలి, రుచి అక్కడే ఎక్కువ. పైగా అడుగున నీళ్లు మిగిలితే ఆకు నానుతూనే ఉండి రెండో విడత చెడుతుంది. ఆ రెండో విడతకు నీళ్లు ఇంకాస్త వేడిగా పోసి, కాసేపట్లోనే వంచేయాలి, ఆకు అప్పటికే విచ్చుకుని ఉంటుంది కదా. మూడోది పలచన. భోజనమయ్యాక నాకు అదే ఇష్టం.

అన్నిటికన్నా ఓపిక అడిగేది గ్యొకురో అనే జపాన్ గ్రీన్ టీ. కోతకు ముందు సుమారు మూడు వారాలు తోటకు నీడ కప్పుతారు. ఎండ తగిలితే థియానిన్ క్యాటెచిన్లుగా మారిపోతుంది, నీడ దాన్ని కాపాడుతుంది. దీనికి 50, 60 డిగ్రీల నీళ్లే పోయాలి. వచ్చేది నాలుగు గుటకలే అయినా సముద్రపు నాచు కమ్మదనం చాలాసేపు నాలుకను వదలదు. మెత్తబడ్డ ఆకును జపాన్‌లో సోయా సాస్‌తో తింటారు. నేను ఉప్పు, నాలుగు చుక్కల నువ్వుల నూనె కలిపి వేడన్నంలో తింటాను.