దేశాంతర దత్తత శిశువుల మాట: ‘ఆలస్యం’ అనే తీర్పుపై ఒక విమర్శ

గత పాఠంలో శిశువు తొలి పలుకుల గురించి, ఏ వయసుకు ఎన్ని మాటలు రావాలో చెప్పే పట్టికల గురించి చదివారు. ఆ పట్టికలన్నింటి అడుగున ఒక ఊహ ఉంది. పుట్టిన నాటి నుంచి బిడ్డ చెవిన పడే భాష మారదన్నదే ఆ ఊహ. అది నిలవని చోట పట్టికకు ఎంత విలువ ఇవ్వాలో ఈ పాఠంలో చూద్దాం.

చిత్తూరు జిల్లాలో పుట్టి, శిశుగృహలో పెరిగి, 18వ నెలలో విదేశీ దంపతుల ఇంటికి దత్తత వెళ్లిన ఒక పాపను ఊహించుకోండి. ఇక్కడ ఉన్నప్పుడు ‘బువ్వ’, ‘దా’, ‘వద్దు’, ‘అవ్వ’ అనేది. అక్కడికి వెళ్లిన ఆరు నెలలకు పరీక్ష పెట్టారు. రెండేళ్ల బిడ్డ, పదిహేను మాటలు కూడా లేవు. కాగితం మీద ‘వాగభివృద్ధిలో ఆలస్యం’ అని రాశారు. ఈ తీర్పు నిజమా? నిజం కాకపోతే ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు లోపమున్నట్టు ముద్ర వేశారు. నిజమే అయి ఉండి, ‘భాష మారింది కదా, అదే సర్దుకుంటుంది’ అని వదిలేస్తే చికిత్సకు పనికొచ్చే కాలం చేజారిపోతుంది. ఈ రెండు తప్పుల మధ్య దారి వెతకడానికే పరిశోధనలు జరిగాయి. వాటిని మెచ్చుకుంటూనే ప్రశ్నించడం మన పని.

ముందుగా 2007లో ‘సైకలాజికల్ సైన్స్’ పత్రికలో స్నెడెకర్, గెరెన్, షాఫ్టో ప్రచురించిన పత్రం తీసుకుందాం. చైనా నుంచి దత్తత వెళ్లిన 27 మంది పిల్లలను, దత్తత జరిగిన 3 నుంచి 18 నెలల మధ్య, వారు పరిశీలించారు. పాలు తాగే వయసు దాటిపోయింది, బుద్ధి ఎదిగింది. అయినా ఇంగ్లిష్‌ను ఎలా మొదలుపెట్టారు? అచ్చం పసిబిడ్డల్లాగే. మొదట ఎక్కువగా నామవాచకాలు, పొట్టి పలుకులు, విభక్తి ప్రత్యయాల వంటివి లేని మాటలు. తర్వాత మెల్లగా క్రియలు, పొడుగు వాక్యాలు. పసివాడి మాట పొట్టిగా ఉండటానికి కారణం వాడి మెదడు ఎదగకపోవడమేనా, లేక భాష నేర్చుకునే దారే అలాంటిదా అన్న పాత ప్రశ్నకు ఈ పత్రం చక్కని వెలుగు ఇచ్చింది. మామూలు బిడ్డలో వయసు, భాష కలిసి ఎదుగుతాయి గనుక వాటిని విడదీయలేం. దత్తత బిడ్డలో అవి విడిపోయాయి. ఈ ఆలోచన తట్టడమే గొప్ప విషయమని నా అభిప్రాయం. నేను ఏళ్ల తరబడి దీన్ని తరగతిలో చెప్పాను.

దీని వల్ల మన పాప విషయంలో ఒక సంగతి తేలుతుంది. ఆ రెండేళ్ల పాపకు ఇంగ్లిష్‌లో వయసు రెండేళ్లు కాదు, ఆరు నెలలు. అందుకే ఈ రంగంలో పనిచేసేవారు ‘రెండవ ప్రథమ భాష’ అనే మాట వాడతారు. వినడానికి వింతగా ఉన్నా సరైన మాటే. మీ ఊళ్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లవాడికి రెండు భాషలూ ఉంటాయి. దత్తత బిడ్డకు మొదటిది ఆగిపోయి, దాని చోటికి మరొకటి వస్తుంది. ఇంట్లో తెలుగు తెలిసిన మనిషి ఒక్కరూ ఉండరు. అందుకే ద్విభాషా పిల్లల గురించి మీరు చదివిన సూత్రాలను ఇక్కడికి నేరుగా తేవద్దు.

షారన్ గ్లెనెన్ వంటి వాక్చికిత్సా నిపుణులు ఈ పిల్లలను కొత్త దేశంలో పుట్టిన పిల్లలతో పోల్చకుండా, అదే వయసులో దత్తత వచ్చిన ఇతర పిల్లలతో పోల్చాలని వాదించారు. చిన్న వయసులో వెళ్లినవారిలో ఎక్కువ మంది ఒకటి రెండేళ్లలో తోటివారిని అందుకుంటారనీ, మాట్లాడటం కంటే ముందు అర్థం చేసుకోవడం పుంజుకుంటుందనీ పరిశోధనలు చూపాయి. మంచిదే. కానీ మన వైపు నుంచి చదివితే కొన్ని లొసుగులు కనిపిస్తాయి.

మొదటిది కొలబద్ద. ఇలాంటి అధ్యయనాల్లో తల్లిదండ్రులకు ఒక పదాల జాబితా ఇచ్చి, బిడ్డ అనే మాటలకు గుర్తు పెట్టమంటారు. అమెరికాలో ప్రసిద్ధమైన జాబితాలో మంచు, మంచు మీద జారే బండి, చలి చేతితొడుగులు ఉంటాయి. కొత్త దేశపు భాషను కొలవడానికి అవి పనికొస్తాయి, కాదనను. ఆ బిడ్డ వదిలివచ్చిన భాషను మాత్రం అవి తాకవు. పైగా మనవైపు పసివాళ్ల తొలి మాటలు గుర్తు చేసుకోండి. ‘దా’, ‘పో’, ‘ఇయ్యి’, ‘ఎత్తుకో’, ‘వద్దు’. వీటిలో ఎన్ని నామవాచకాలు? మాండరిన్ పిల్లలపై టార్డిఫ్ 1996లో చేసిన పరిశీలన కూడా నామవాచకాలే ముందు వస్తాయన్న నియమం అన్ని భాషల్లో నిలవదని చూపింది. తెలుగులో క్రియ వాక్యం చివర కూర్చుంటుంది, ఒక్కటే వాక్యంగా కూడా చెల్లుతుంది. కాబట్టి వస్తువుల పేర్లు లెక్కపెట్టే జాబితాతో మన బిడ్డను ఇక్కడే కొలిచినా కొంత తక్కువే తేలుతుంది.

రెండవది, పాత భాష నిజంగా పోయిందా అన్న ప్రశ్న. 2003లో పాలియే బృందం, కొరియాలో పుట్టి 3 నుంచి 8 ఏళ్ల మధ్య ఫ్రెంచ్ కుటుంబాలకు దత్తత వెళ్లి పెద్దవారైన 8 మంది మెదళ్లను పరీక్షించింది. కొరియా భాష వింటే వారి మెదడు, తెలియని మరో భాష విన్నట్టే స్పందించింది. ‘పూర్తిగా చెరిగిపోయింది’ అన్న మాట అప్పటి నుంచి పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. నాకు మొదటి నుంచీ దానిపై అనుమానమే. ఎందుకో చెబుతాను.

‘తాత’, ‘టాటా’ అని పైకి అనండి. మొదటిదానిలో నాలుక పళ్లను తాకుతుంది, రెండవదానిలో వెనక్కి మడుస్తుంది. మనకు ఇది చెప్పనవసరం లేని తేడా. ఇంగ్లిష్ మాత్రమే వచ్చినవారికి రెండూ ఒకటే. వెర్కర్, టీస్ 1984లో హిందీలోని ఇలాంటి ధ్వని జంటను ఉపయోగించి ఒక సంగతి చూపారు. ఇంగ్లిష్ ఇళ్లలో పుట్టిన బిడ్డలు కూడా 6-8 నెలల వయసులో ఈ తేడాను పట్టుకుంటారు, 10-12 నెలలకు పట్టుకోలేరు. అంటే చెవి మొదటి ఏడాదిలోనే తన భాషకు బిగుసుకుంటుంది. ఇక 2011లో లెహర్ సింగ్ బృందం, భారతదేశం నుంచి అమెరికాకు దత్తత వెళ్లి పెరిగిన పిల్లలకు ఇదే తకార టకార భేదం వినిపించింది. మొదట వారు దత్తత కాని పిల్లల కంటే మెరుగ్గా ఏమీ చేయలేదు. కొద్దిపాటి శిక్షణ ఇచ్చాక దత్తత పిల్లలు తేడాను పట్టుకున్నారు, మిగతావారు పట్టుకోలేకపోయారు. చైనాలో పుట్టి ఫ్రెంచ్ మాత్రమే మాట్లాడే మాంట్రియల్ ఆడపిల్లలపై 2014లో వచ్చిన మెదడు పరీక్షలు కూడా పాత భాష జాడ మిగిలే ఉందన్నాయి. ఒకే పరీక్షలో ఏమీ కనిపించలేదంటే ఏమీ లేనట్టు కాదు. పాలియే పత్రాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. దాన్ని అంత తొందరగా సూత్రం చేసిన పాఠ్యపుస్తకాలదే తప్పు.

మూడవది మనకు మరీ దగ్గరిది. ఈ పరిశోధనలు ‘జన్మభాష’ అని ఏకవచనంలో రాస్తాయి. కుప్పం వైపు వెళ్లి చూడండి. తెలుగు, తమిళం, కన్నడం ఒకే వీధిలో వినిపిస్తాయి. ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని 1997లో అక్కడ పెట్టింది ఊరికే కాదు. నగరి వైపు ఇంటి భాష తమిళమైన కుటుంబాలు ఎన్నో. రాయలసీమ తండాల్లో సుగాలీలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. తండాలో పుట్టిన బిడ్డ ఆరో నెలలో శిశుగృహకు వస్తే అక్కడి ఆయా తెలుగు పలుకుతుంది, మరో ఏడాదికి ఇంగ్లిషో ఇటాలియనో వస్తుంది. ఇది రెండవ ప్రథమ భాష కాదు, మూడవది. కాగితంలో మాత్రం ‘తెలుగు’ అని ఒక్క మాట ఉంటుంది.

కాగితాన్ని ఎంత నమ్మాలన్న ప్రశ్న మన రాష్ట్రంలో ఊహాజనితం కాదు. 1999లో, మళ్లీ 2001లో, హైదరాబాద్ దత్తత కేంద్రాల వ్యవహారం బయటపడింది. తండాల నుంచి లంబాడా ఆడశిశువులను దళారుల ద్వారా డబ్బిచ్చి తెచ్చారన్న ఆరోపణలు, కేసులు వచ్చాయి. తల్లిదండ్రులే బిడ్డను అప్పగించే పద్ధతిలో దత్తతలను 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిలిపివేసింది. సుప్రీంకోర్టు 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది, కేంద్ర దత్తత వనరుల సంస్థ 1990లో ఏర్పడింది, అయినా ఇదంతా జరిగింది. పుట్టిన ఊరే తారుమారైన బిడ్డకు పుట్టిన భాష సరిగ్గా నమోదవుతుందని ఎలా అనుకుంటాం?

నాలుగవ లొసుగు, ఎవరు వెళుతున్నారన్నది. ఇరవై ఏళ్ల కిందటి అధ్యయనాల్లోని పిల్లలు ఎక్కువగా ఆరోగ్యవంతులైన పసివారు. 2003లో మన దేశం హేగ్ ఒప్పందాన్ని ఆమోదించింది. నేటి నిబంధనల ప్రకారం బిడ్డను ముందు భారతీయ కుటుంబాలకు చూపాలి. కాబట్టి విదేశాలకు వెళ్లేవారిలో కాస్త పెద్దపిల్లలు, ప్రత్యేక అవసరాలున్నవారు ఎక్కువ. ‘ఏడాది రెండేళ్లలో అందుకుంటారు’ అన్న పాత హామీని వీరికి యథాతథంగా ఇవ్వలేం. బుకారెస్ట్ అనాథాశ్రమాల్లోని 136 మంది పిల్లలపై జరిగిన అధ్యయనాన్ని పక్కన పెట్టి చదవండి. అక్కడ భాష మారలేదు, రొమేనియన్ రొమేనియన్‌గానే ఉంది. మారింది సంరక్షణ. సుమారు 15 నెలల లోపు పెంపుడు కుటుంబానికి చేరినవారు మూడున్నరేళ్ల వయసుకు తోటివారితో సమానంగా మాట్లాడారు. రెండేళ్లు దాటాక చేరినవారు బాగా వెనుకబడ్డారు. అంటే ఆలస్యానికి మూలం విమానం ఎక్కడంలో లేకపోవచ్చు. అంతకుముందే, పది ఊయలలకు ఒక ఆయా ఉన్న గదిలో ఉండవచ్చు.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట, ఆదివారం సంపర్క తరగతి అయ్యాక ఒక విద్యార్థిని ఆగింది. ఆమె ఒక శిశుగృహలో పనిచేసేది. ‘సార్, మా దగ్గర రెండేళ్లు దాటిన బాబు ఉన్నాడు. ఒక్క మాట లేదు. దత్తతకు విదేశం పోతాడు. ఏం చేయమంటారు?’ అని అడిగింది. నేను చదివిన పత్రాలన్నీ తలలో ఉన్నాయి. ‘ఎట్లాగూ భాష మారుతుందమ్మా, అక్కడికి పోయినాక మొదలుపెడతాడు, ఏడాది ఆగి చూడమనండి’ అన్నాను. ఆమెకు నా మాట మీద గురి కుదరలేదు. గిన్నె వెనక నుంచి మోగించినా వాడు తిరగడం లేదని గమనించి, పట్టుబట్టి వేలూరు తీసుకుపోయి చెవులు పరీక్ష చేయించింది. వాడికి వినికిడి లోపం ఉంది.

నా తప్పు ఎక్కడో మీకు తెలిసే ఉంటుంది. దత్తత తర్వాతి మౌనాన్ని వివరించే సిద్ధాంతాన్ని, దత్తతకు ముందటి మౌనానికి అంటగట్టాను. భాష ఇంకా మారనే లేదు. తెలుగులోనే మాట లేని బిడ్డకు ఇంగ్లిష్ రాకపోవడాన్ని భాషా మార్పుతో సమర్థించలేం. వాడిని కొలవాల్సింది తిరుపతిలో, తెలుగులో, బయలుదేరకముందు. నేను మెచ్చుకున్న పత్రాల్లో దృష్టి అంతా చేరుకున్న ఒడ్డు మీదే ఉంది. వదిలిన ఒడ్డున ఏముందో రాయగలిగినవారు ఇక్కడివారే, అంటే శిశుగృహ ఆయాలు, కార్యకర్తలు, మీలాంటి విద్యార్థులు.

ఆ విద్యార్థిని తర్వాత ఒక అలవాటు చేసుకుంది. బిడ్డతో పంపే కాగితాలకు ఒక పుట అదనంగా జోడించేది. ఆయా ఏ భాషలో మాట్లాడుతుంది, బిడ్డ ఏ మాటలకు తిరుగుతాడు, ఏవి తానే అంటాడు, పిలిస్తే పలికే పేరు ఏది, చెవి పరీక్ష ఎప్పుడు చేశారు. అన్నీ తెలుగు లిపిలో రాసి, కింద ఇంగ్లిష్‌లో అర్థం. ‘లాల అంటే స్నానం. ఈ మాట వింటే ఏడుస్తాడు’ అని ఒక పుటలో చూసినట్టు గుర్తు.

అభ్యాసం: మీ ఇంట్లోగాని, దగ్గరి అంగన్‌వాడీలోగాని 15 నుంచి 24 నెలల మధ్య వయసున్న ఒక బిడ్డను, పెద్దల అనుమతితో, మూడు రోజులు గమనించండి. బిడ్డ అన్న మాటలను అన్నట్టే రాయండి, సరిదిద్దవద్దు. అర్థమై స్పందించిన మాటలను వేరే వరుసలో రాయండి. వాటిలో పేర్లు ఎన్ని, క్రియలు ఎన్ని, ఇంట్లో వినిపించే భాషలు ఎన్ని అని లెక్క తీయండి. ఆ తర్వాత, ఈ బిడ్డను రేపు తెలుగు రాని ఇంటికి పంపాల్సి వస్తే ఆ ఇంటివారికి తప్పక తెలియాల్సిన పది మాటలను ఎంచుకుని, ఎంపికకు కారణాలు ఒక పుటకు మించకుండా రాసి సంపర్క తరగతికి తీసుకురండి.